మేడం గడ్డం

మేడం పోయారన్న మాట నాకు ప్రహరీ గోడ మీదుగా తెలిసింది. పొద్దున పాలవాడు వేసిపోయిన ప్యాకెట్లు లెక్కపెట్టుకుంటూ వాకిట్లో ఉన్నాను. అవతలి నుంచి ఆమె కోడలు పిలిచింది. "ఆంటీ, అత్తమ్మ పోయింది. ఇప్పుడే దవాఖాన నుంచి ఆయన ఫోన్ చేసిండు." అంత మాట చెవిన పడ్డాక కూడా నేను లెక్క పూర్తి చేసి, ప్యాకెట్లు గిన్నెలో పెట్టి, పిల్లి ముట్టకుండా మూత పెట్టి, అప్పుడు గోడ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఆ పిల్ల గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. పైనుంచి నాకు ఆమె పాపిడి మాత్రమే కనబడింది.

మేడం జ్ఞాపకార్థం ఈ సంచిక తెస్తున్న ఆమె విద్యార్థులు నన్ను నాలుగు పేజీలు రాయమన్నారు. "మా కన్నా మీకే ఎక్కువ తెలుసు, పక్కిల్లు కదా" అన్నారు. తెలుసు. మంచి విషయాలే రాస్తాను. కాకపోతే అందులో ఒకటి నా గురించి కూడా రాయాల్సి వస్తుంది. అది మంచిది కాదు.

మీలో ఆమె దగ్గర చదవని వాళ్ళ కోసం చెబుతాను. ఆమె సంగారెడ్డిలో డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పుట్టిల్లు లక్డారం, పొలాలున్న ఇల్లు. భర్త ముందే పోయాడు. కొడుకు, కోడలు, నాలుగేళ్ళ మనవరాలు. నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ సెక్షన్లో పనిచేసి రిటైరైనదాన్ని. నేనూ ఒంటి మనిషినే, కొడుకు దగ్గర ఉంటాను. మా ఇంట్లో నా చెప్పుల చప్పుడు వింటే మనవలు ఫోన్లు దిండు కింద పెడతారు. ఆమె చెప్పుల చప్పుడు వింటే ఆమె మనవరాలు ఎదురు పరుగెత్తేది. వయసులో నేను ఆమె కంటే పెద్ద. ఆమె నన్ను "అక్కా, నువ్వు" అనేవారు. నేను ఆమెను "మేడం, మీరు" అనేదాన్ని. చెల్లె అని ఒక్కసారి కూడా పిలవలేదు. అలా పిలిస్తే తర్వాత ఏదో ఒకటి చెప్పుకోవాల్సి వస్తుందని భయం.

నాకు చెప్పుకోకూడనిది ఒకటి ఉండేది. యాభై దాటాక నా గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి. నూగు కాదు. మగవాళ్ళకు వచ్చేటటువంటివి, గరుకువి, కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. ఆఫీసులో ఫైలు చదువుతున్నట్టు చేతిని గడ్డం కింద పెట్టుకునేదాన్ని. కరోనా వచ్చి అందరూ మాస్కు కట్టుకున్నప్పుడు లోకమంతా ఏడుస్తుంటే నాకు లోపల్లోపల ప్రాణం కుదుటపడింది. ఆ రోగం పోయాక కూడా నేను మాస్కు తీయలేదు. మా కాలనీకి సాయంత్రం పూట ఫ్యాక్టరీల వాసన ఎలాగూ కొడుతుంది. "పెద్దమ్మకు ఆ వాసన పడదు" అని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను.

కంటికి శుక్లాలు వచ్చాక అద్దంలో నాకు నా వెంట్రుక కనబడటం మానేసింది. వేలికి మాత్రం తగిలేది. ఒకరోజు తలుపు వేసుకుని మా మనవడి రేజరుతో గీసుకున్నాను. తెగింది. దూదితో అద్దుకుంటూ దాబా మీదికి బట్టలు తీయడానికి వెళితే, పక్క దాబా మీద మేడం ఒరుగులు తిప్పుతున్నారు.

"ఏందక్కా, గడ్డం గీసుకున్నవా?" అన్నారు. క్లాసురూములో చివరి బెంచీ దాకా వినపడే గొంతు అది. కింద వీధిలో కూరగాయల బండి ఆగి ఉంది. నాకు అక్కడికక్కడే దాబా నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

నా మొహం చూసి ఆమె పిట్టగోడ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "రేజర్ పెట్టకక్కా, తోలు తెగుతది. ఆదివారం బువ్వ తిన్నంక రా. నేను పీకుత. నా కండ్లద్దాలు కొత్తయి."

అలా మొదలైంది. ఆదివారం భోజనాలయ్యాక వాళ్ళ వెనక గదిలో, కిటికీ వెలుగుకు ఎదురుగా కుర్చీ వేసుకుని, నేను తల వెనక్కి వాల్చేదాన్ని. ముందు తలుపు గడియ పెట్టమనేదాన్ని. ఆమె పెట్టేవారు. మళ్ళీ ఒకసారి చూడమనేదాన్ని. "పెట్టిన తల్లీ, బ్యాంకు లాకర్ లెక్క పెట్టిన" అనేవారు. చిన్న చిమ్టాతో ఒక్కొక్కటి పట్టి లాగి, ఎడమ అరచేతిలో పెట్టుకుని, అయిపోయాక కిటికీ లోంచి ఉఫ్ అని ఊదేవారు. "పోండ్రి, మళ్ళ రాకుండ్రి" అని వాటికి చెప్పేవారు.

ఆమె ఊరికే పీకే మనిషి కాదు. పాఠం చెబుతూ పీకేవారు. నా జన్మలో జీవరసాయన శాస్త్రం చదవలేదు, కానీ దాని మీద ఇప్పుడు నేను పరీక్ష రాయగలను.

"నాకే ఎందుకు వచ్చినయ్ మేడం? నేనేం తప్పు చేసిన?" అని అడిగాను మొదటి ఆదివారం. అడిగేటప్పుడు నా కళ్ళలో నీళ్ళు. లాగిన నొప్పికి అనుకోవచ్చు.

"తప్పేంది అక్కా? నీ కార్జం, అదే లివర్, జెర పని తగ్గించింది, గంతే" అన్నారు. "నోరు కదపకు. విను. మగోని హార్మోన్ అంటరు గదా, అది ఆడోళ్ళల్ల గూడ ఉంటది. పుట్టినకాడి నుంచి ఉన్నది నీల. అది కొవ్వు జాతిది. నీళ్ళల్ల కలవది. పచ్చిపులుసు మీద పోపు నూనె ఎట్ల తేలుతది? గట్ల. మరి నెత్తురంటే నీళ్ళే గదా. నీళ్ళల్ల నూనె ఎట్ల పోవాలె?"

"ఎట్ల పోవాలె?"

"ఎవరన్న మోయాలె. మోసేటివి ప్రోటీన్లు. కార్జం తయారు చేసి నెత్తుర్ల ఇడుస్తది. వాటికి లోపల ఒక గుంత లెక్క ఉంటది. బయట నీళ్ళకు నచ్చేటట్టు ఉంటది, లోపల కొవ్వుకు నచ్చేటట్టు. హార్మోన్ పోయి ఆ గుంతల కూసుంటది."

మోసేవాటిలో రెండు రకాలున్నాయని ఆమె చెప్పిన తీరు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అల్బుమిన్ అనేది హైవే మీద షేర్ ఆటో. కొవ్వులను, హార్మోన్లను, మనం మింగిన మందులను, ఎవరు చెయ్యెత్తితే వాళ్ళను ఎక్కించుకుంటుంది. పట్టు గట్టిది కాదు, ఎక్కడంటే అక్కడ దిగిపోవచ్చు. ఇంకొకటి కంపెనీ బస్సు. కార్డు ఉన్నవాళ్ళనే ఎక్కించుకుంటుంది, గట్టిగా పట్టుకుంటుంది. ఒత్తిడి హార్మోనుకు ఒక బస్సు, ఆడ మగ హార్మోన్లకు ఒక బస్సు. కొలెస్ట్రాల్ లాంటి అసలు కొవ్వులకైతే ఆటోలు బస్సులు చాలవు, వాటికి లారీలే వేరే ఉన్నాయనేవారు.

"బస్సుల కూసున్నంత సేపు హార్మోన్ ఏం పని చెయ్యది. దిగినంకనే చేస్తది" అన్నారు. "వయసు మళ్ళినంక ఆడోళ్ళ హార్మోన్ తగ్గుతది. అది తగ్గితే కార్జం ఆ బస్సులు గూడ తక్కువ ఇడుస్తది. అప్పుడు మగ హార్మోన్ బస్సు దొరకక రోడ్డు మీద తిరుగుతది. అట్ల తిరిగి తిరిగి నీ గడ్డానికి వచ్చింది. పాపం, దానికి గూడ ఎక్కడన్న జాగ కావాలె గదా."

నేను లెక్కల మనిషిని. నాకు ఒక విషయం తెగలేదు. అంతకుముందే డాక్టరుకు చూపించుకుంటే నా రక్త పరీక్షలో మొత్తం హార్మోను సరిగ్గానే ఉందని వచ్చింది. మొత్తం సరిగ్గా ఉన్నప్పుడు తేడా ఎలా వస్తుంది?

ఆమె చిమ్టా పక్కన పెట్టారు. ఇష్టమైన ప్రశ్న వస్తే ఆమె చేతిలో ఏమున్నా పక్కన పెట్టేవారు. "నీకు మీ అవ్వ ఒడిబియ్యం పోసిందా లేదా?"

"పోయకుంటే ఎట్ల పంపుతరు?"

"ఆ బియ్యం నీ కొంగుల మూటగట్టి ఉన్నయ్. తొవ్వ పొంటి ఎవలకన్న వండి పెట్టినవా? లేదు. అత్తగారింటికి పోయి మూట ఇప్పి, వండి, పది మందికి పెడితే అప్పుడు కడుపు నిండింది. నీ రిపోర్టుల మొత్తం అంటే మూటల ఉన్నయి, ఇప్పినయి రెండు కలిపి రాసిన్రు. కడుపు నింపేది ఇప్పినయే. ఉమ్మిల దొరికేది గూడ ఇప్పినయే, మూట అక్కడిదాకా రాదు. మొత్తం చూసి మురువకు, మొత్తం చూసి భయపడకు. ఎంత ఇప్పిందో చూడు."

"అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్క" అన్నాను.

"నీకు ఒడిబియ్యం గూడ బ్యాంకే" అని ఆమె పొట్ట పట్టుకుని నవ్వారు. కాసేపటికి నన్ను తేరిపార చూసి, "ఇంకోటి మరువకు. గట్టిగ పట్టుకుంటది అన్న గదా, అతుకపెట్టుకున్నట్టు గాదు. పట్టుకుంటది, ఇడుస్తది. మళ్ళ పట్టుకుంటది, మళ్ళ ఇడుస్తది. ఒక్క గడియ ఊకె ఉండదు" అన్నారు. ఆ మాట అంటూ తన కుడి చేతి వేళ్ళు ముడిచి, విప్పి, ముడిచి, విప్పి చూపించారు. క్లాసులో కూడా అలాగే చూపించేవారని మీలో చాలామంది చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆమెకూ గడ్డం మీద వెంట్రుకలుండేవి. నాకన్నా పొడుగువి, కొన్ని మెలి తిరిగినవి. ఆమె వాటిని ముట్టుకునేవారు కాదు.

నాకు అది భరించరానిదిగా ఉండేది. సంగారెడ్డిలో తెలిసినవాళ్ళ పెళ్ళికి ఇద్దరం కలిసి వెళ్ళాం. నేను మాస్కుతో, ఆమె మాస్కు లేకుండా. ఫొటోగ్రాఫరు మా వైపు వస్తుంటే నేను లేచి మంచినీళ్ళకని వెళ్ళిపోయాను. ఆమె పక్కన కనబడకూడదని. ఆమె గడ్డం చూసిన కన్ను తర్వాత నా మాస్కు వైపు తిరుగుతుందని. తిరిగి వచ్చేసరికి ఆమె తన ప్లేటులోని డబుల్ కా మీఠా నాకోసం తీసి పక్కన పెట్టి ఉన్నారు. "యాడికి పోయినవక్కా, ఫొటోల నీ జాగ ఖాళీగ వచ్చింది" అన్నారు. తెలిసే అన్నారేమో.

ఆ తర్వాతి ఆదివారం అడిగేశాను. "నావి తీస్తరు. మీవి ఎందుకు తీసుకోరు? ఇంత చదువుకున్నరు. నలుగురిలో బాగుంటదా?"

"నా మనవరాలికి అవి కావాలె" అన్నారు.

ఆ పిల్ల పాలు మరిచినప్పటి నుంచి నానమ్మ గడ్డం మీది వెంట్రుకలు పట్టుకుని నిద్రపోతుందట. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని నలుపుకుంటూ, నిద్ర వచ్చేకొద్దీ వదిలేస్తూ. ఒకసారి నేనే చూశాను కూడా, మధ్యాహ్నం నులక మంచం మీద ఇద్దరూ. చూసి కూడా నమ్మలేదు. ఆమెకు బద్ధకం, దానికి ఇది ముద్దుగా చెప్పిన సాకు అనుకున్నాను. "రేపు నేను సచ్చినా ఇవి తీయనియ్యకు అక్కా" అని నవ్వారు కూడా. నేను ఆ నవ్వును లెక్కలోకి తీసుకున్నాను, మాటను తీసుకోలేదు.

పోయిన ఎండాకాలం ఆమె పాదాలు వాచాయి. మూత్రంలో నురుగు వస్తోందని తనే నాకు గోడ మీదుగా చెప్పారు. నేను చుట్టూ చూసి "మెల్లగ మేడం" అన్నాను. "ఎందుకు మెల్లగ? కిడ్నీ జల్లెడకు బొక్కలు పెద్దగైనయ్ అక్కా. మోసేటోళ్ళు బయటికి కారిపోతున్నరు. నా షేర్ ఆటోలన్ని మోరీల పడుతున్నయ్" అన్నారు. అల్బుమిన్ రక్తంలో తగ్గితే నీరు రక్తంలో నిలవక ఒంట్లోకి దిగుతుందని, అందుకే వాపని, పోయినదాన్ని పూడ్చుకోవాలని కాలేయం హడావుడి పడి కొవ్వు లారీలను కూడా ఎక్కువెక్కువ దింపుతుందని, అందుకే కొలెస్ట్రాల్ పెరిగిందని, తన రోగం మీద తనే పాఠం చెప్పారు. డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చాడు. మోసే ప్రోటీను తక్కువున్న ఒంట్లో ఆ మందు కట్టు లేకుండా తిరుగుతుంది, అందుకే ఇతరులకన్నా ఆమెకు ఎక్కువ చూపించింది. మొహం గుండ్రంగా అయింది. చెంపల మీద కూడా నూగు వచ్చింది. గడ్డం మీదివి ఒత్తుగా అయ్యాయి.

ఆ రోజుల్లో కూడా ఆదివారం ఆగలేదు. కుర్చీలో నేను వెనక్కి వాలితే, ఆమె మంచం అంచున కూర్చుని, వాచిన వేళ్ళతో పీకేవారు. ఒక్కోసారి చర్మం పట్టేది. నేను అరవలేదు. ఆ ఒక్కటీ నేను సరిగ్గా చేసిన పని.

చివరిసారి ఆసుపత్రికి తీసుకువెళుతుంటే కారు అద్దం దించి, "అక్కా, వచ్చే వారం రెండు వారాలయి ఒక్కసారే పీకుత. పెంచుకో" అన్నారు. కోడలు పక్కనే ఉంది. నేను మాస్కు సర్దుకున్నాను.

ఆమెను ఇంటికి తెచ్చింది మధ్యాహ్నం. ఆడవాళ్ళం స్నానం చేయించాం. చీర కట్టాం. ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. కోడలు, "ఆంటీ, జెర కూసుంటరా దగ్గర? పూలు వచ్చినయో లేదో చూసొస్త" అని బయటికి వెళ్ళింది. వెళుతూ ఈగలు రాకుండా తలుపు దగ్గరగా వేసింది.

నేను, మేడం మాత్రమే ఉన్నాం. కిటికీ లోంచి వెలుతురు ఆమె మొహం మీద పడుతోంది. తెల్లటి వెంట్రుకలు వెలుగుకు మెరుస్తున్నాయి. శుక్లాలున్న నా కంటికే కనబడ్డాయంటే ఇంకెవరికి కనబడవు? కాలేజీ వాళ్ళు వస్తారు. కొడుకు ఆఫీసు వాళ్ళు వస్తారు. ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తారు. ఎవరో ఒకరు ఎవరి చెవిలోనో ఏదో అంటారు. నా బ్యాగులో చిమ్టా ఉంది, ఎప్పుడూ ఉంటుంది. లేచి తలుపు గడియ పెట్టాను. ఆమె నాకోసం పెట్టినట్టే నేను ఆమె కోసం పెడుతున్నాననుకున్నాను. ఒక్కొక్కటే వేలితో తడిమి పట్టుకుని లాగాను. ఎన్నేళ్ళుగా ఆమె నాకు చేసిన పని, ఒక్కసారి నేను ఆమెకు చేస్తున్నానని తృప్తి కూడా కలిగింది. అన్నీ అయ్యాక అరచేతిలో పెట్టుకుని కిటికీ లోంచి ఊదేశాను. గడియ తీసి కూర్చున్నాను.

తర్వాత జనం వచ్చారు. మీరు వచ్చారు. మీలో ఒకాయన, ఇప్పుడు ఏదో ల్యాబులో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, గోడకు ఆనుకుని తన పక్కవాడికి చెబుతుంటే నేను విన్నాను. మొదటి రోజు క్లాసులో వెనక బెంచీ పిల్లలు ఆమె గడ్డం చూసి నవ్వారట. ఆమె నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మొహం ముందుకు పెట్టి, "మంచిగ సూడుండ్రి. ఇవి యాడికెల్లి వచ్చినయో మీరు చెప్పగలిగిన రోజు ఈ చాప్టర్ అయిపోయినట్టు" అన్నారట. "ఆ చాప్టర్ నేను జిందగీల మర్వలే" అన్నాడతను. కళ్ళు తుడుచుకుని ఆమె వైపు చూశాడు. ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. నేను తల దించుకున్నాను.

అప్పుడే కొడుకు తన బిడ్డను ఎత్తుకుని తెచ్చాడు, చివరిసారి చూపించాలని. పిల్ల కొన్ని వారాలుగా నానమ్మను చూడలేదు. చాప పక్కన దించితే వంగి, అలవాటుగా చెయ్యి చాపి, గడ్డం పట్టుకుంది. వేళ్ళు అటూ ఇటూ తిరిగాయి. మళ్ళీ తిరిగాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈమె మా నానమ్మ గాదు" అంది.

"అట్ల అనొద్దు బిడ్డా. మొహం వాచింది, అందుకే నీకట్ల అనిపిస్తున్నది" అన్నాడు తండ్రి.

"గాదు. మా నానమ్మకు గడ్డం ఉంటది."

ఎవరో ఆడవాళ్ళు నోరు చప్పరించారు. పిల్లకు ఏం తెలుసు పాపం అన్నారు. కొడుకు ఏడుస్తూ పిల్లను భుజం మీద వేసుకుని పక్కకు వెళ్ళాడు. పిల్ల ఏడవలేదు. తీసుకెళుతుంటే చాప వైపు కూడా చూడలేదు. తనది కాని మనిషి కోసం ఎందుకు చూస్తుంది?

ఆ తర్వాతి రోజులన్నీ నేను గోడకు ఇవతలి నుంచి వింటూనే ఉన్నాను. పిల్ల పగలు పడుకోవడం లేదు. గేటు దగ్గర మెట్టు మీద కూర్చుంటోంది. "లోపటికి రా" అని తల్లి పిలిస్తే, "నానమ్మ కారు వస్తది" అంటోంది. "నానమ్మ దేవుని దగ్గరికి పోయింది" అని చెబితే, "ఆమె వేరే నానమ్మ, దవాఖానోళ్ళు మార్చిన్రు" అంటోంది. కొల్లూరు నుంచి చుట్టాలు వచ్చారు, వెలిమెల నుంచి వచ్చారు, ఒకరు దిష్టి తీశారు, ఒకరు పిల్లను డాక్టరుకు చూపించమన్నారు. తల్లి కళ్ళ కింద నల్లబడింది. నేను రోజూ గిన్నెతో కూర తీసుకుని వెళ్ళేదాన్ని. గిన్నె ఇచ్చి, పిల్ల పక్కనుంచి చీర కుచ్చిళ్ళు కూడా తగలకుండా నడిచి, ఇంటికి వచ్చేదాన్ని. ఒక్క మాట చెబితే పోయేది. ఆ మాట నా నోటి దాకా వచ్చి, మాస్కు దగ్గర ఆగిపోయేది. చెప్పాలంటే ఆమె గడ్డం అనాలి. ఎందుకు తీశావంటే నా గడ్డం అనాలి.

దినాల నాడు వాళ్ళ ఇంటి ముందు షామియానా వేశారు. నా గడ్డం మీదివి అప్పటికి బాగా పెరిగాయి, పీకేవాళ్ళు లేరు. మాస్కుతో భోజనాల దగ్గర కూర్చోలేక, కొంగు గడ్డం దాకా కప్పుకుని, ముందు గదిలో గోడ వారగా కూర్చున్నాను. ఎదురుగా ఆమె ఫొటో. ఆ సంగారెడ్డి పెళ్ళిలోదే. పక్కన నా ఖాళీ కుర్చీ అంచు దండ కింద కొంచెం కనబడుతోంది.

కోడలు విస్తరాకుల కట్ట తీసుకుపోవడానికి లోపలికి వచ్చింది. ఆమె వెనకే పిల్ల, కొంగు పట్టుకుని. "నానమ్మ వచ్చినంక బువ్వ తింట" అంటోంది. తల్లి కట్ట కింద పడేసి, "నా పానం తీయకే! రాదే! ఎన్నిసార్లు చెప్పాలె!" అని చెయ్యెత్తింది.

"కొట్టకు" అన్నాను. "నేను తీసిన."

కోడలికి అర్థం కాలేదు. "ఏంది ఆంటీ?"

"మీ అత్తమ్మ గడ్డం మీదివి. ఆ రోజు నువ్వు పూల కోసం పోయినప్పుడు. నేనే పీకేసిన."

ఆమె నన్ను చూస్తూ నిలబడింది. షామియానాలోంచి ఎవరో పప్పు కావాలని కేకేస్తున్నారు. "దవాఖానోళ్ళు తీసిన్రనుకున్న నేను" అంది. కోపంగా అనలేదు. "ఎవల కోసం తీసిన్రు ఆంటీ?" అని అడిగింది.

నేను అన్ని లెక్కలకూ జవాబు చెప్పిన మనిషిని. ఆడిటర్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. ఆ ఒక్క ప్రశ్నకు కూడా జవాబు నా దగ్గర ఉంది. కొంగు కిందనే ఉంది.

పిల్ల నా దగ్గరికి వచ్చింది. నేనంటే దానికి కూడా భయమే. ఒక మూర దూరంలో ఆగి అడిగింది. "ఏడ పెట్టినవ్ అవి?"

"గాలికి ఊదేసిన బిడ్డా."

"ఎందుకు?"

"నాకు సిగ్గయింది."

అది కాసేపు ఆలోచించింది. పెద్దవాళ్ళ ఆలోచన కన్నా పిల్లల ఆలోచన ఎక్కువ సేపు పడుతుంది, మొహం మీద మొత్తం కనబడుతుంది. "అయితే చాపల పండుకున్నది మా నానమ్మనేనా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఇన్ని రోజులు నేను చెప్పలేకపోయింది నా తప్పు ఒక్కటే అనుకున్నాను. ఆ తప్పు వెనక ఆమె చావు దాక్కుని ఉందని, అది కూడా నేనే ఈ పిల్లకు చెప్పాల్సి వస్తుందని నా లెక్కకు రాలేదు.

"ఔ బిడ్డా" అన్నాను. "ఆమెనే. మీ నానమ్మనే."

పిల్ల మొదటిసారి ఏడ్చింది. నోరు తెరిచి, ఊపిరి అందక, మళ్ళీ తెరిచి. తల్లి కింద కూర్చుని చేతులు చాచింది. ఎందుకో తెలియదు, అది నా వైపే పడింది. నా ఒళ్ళో పడి, కొంగు లాగేసి, కొట్టడానికో పట్టుకోవడానికో చెయ్యి పైకెత్తితే, ఆ చెయ్యి నా గడ్డానికి తగిలింది. ఆగింది. వేళ్ళు వెతికి, దొరికినవి పట్టుకున్నాయి. "మా నానమ్మయి ఇంక పొడుగుండె" అంది ఏడుపు మధ్య, నన్ను తప్పుపడుతున్నట్టు. గట్టిగా లాగింది. నొప్పికి నా కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. అరవలేదు.

తలుపు తెరిచే ఉంది. షామియానాలో వరుసగా కూర్చున్నవాళ్ళు తినడం ఆపి లోపలికి చూస్తున్నారు. నా మొహం కాలిపోతోంది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా కాలుతోంది. కొంగు నేల మీద పడి ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. పిల్ల ఏడుపు సన్నగిల్లి ఎక్కిళ్ళయింది, ఎక్కిళ్ళు ఊపిరయ్యాయి. నా గడ్డం మీద దాని తడి వేళ్ళు పట్టుకున్నాయి, వదిలాయి. మళ్ళీ పట్టుకున్నాయి, మళ్ళీ వదిలాయి.